కోడి గుక్కకోసారి తల ఎందుకెత్తుతుంది

ఒకప్పుడు కోళ్లు వంచిన తల ఎత్తకుండా గటగటా నీళ్లు తాగేవి, ఆవుల్లాగా. మరి గద్ద వస్తే? అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాయి. అందరూ తాగుతుంటే ఒకరు మాత్రం తాగకుండా ఆకాశం చూడాలి. గద్ద కనిపిస్తే కేకెయ్యాలి.

చుక్కలపెట్ట అని ఒక తల్లికోడి. దాని పిల్లల్లో పెద్దవాడు తురాయి, అందరికన్నా చిన్నది నూక. పేరుకు తగ్గట్టు నూకంతే ఉండేది. ఆ రోజు కాపలా తురాయిది. అదే మొదటిసారి. పొద్దున్నుంచీ వాడి కాలు నేల మీద నిలవలేదు.

బావి పక్కన గుంట చుట్టూ అందరూ తలలు వంచారు. తురాయి ఆకాశం చూశాడు. కాసేపు బాగానే చూశాడు. ఇంతలో కాళ్ల దగ్గర చెదపురుగులు, తెల్లగా, లావుగా. ఒక్కటంటే ఒక్కటి తిందామనుకున్నాడు. మీరైతే తినకుండా ఉండేవాళ్లా? చెప్పకండి, నాకు తెలుసు.

నీడ పడింది. తురాయి తల ఎత్తేసరికి గద్ద కాళ్లలో నూక. రెండు కాకులు వెంటపడి పొడిస్తే గద్ద పట్టు జారింది. నూక దూరాన ముళ్లకంచెలో పడింది. ఇదంతా చూసింది తురాయి ఒక్కడే.

తల్లి తల ఎత్తి, నూక ఏదని అడిగింది. గద్ద వచ్చిందా అంది. రాలేదన్నాడు. గడ్డివామి వైపు వెళ్లినట్టుందన్నాడు. నోట్లో పురుగు ఇంకా మింగనే లేదు.

కాపలా ఉన్నవాడు చెప్పాడు కదా, తల్లి నమ్మేసింది. గడ్డివామి చుట్టూ తిరిగింది. గడ్డంతా కాళ్లతో చెదరగొట్టింది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. నూక పడ్డ కంచె ఏమో ఇంకోవైపు!

తురాయి కంచె వైపే చూస్తున్నాడు. నూక బతికుందో లేదో. చెబుదామంటే అమ్మ ఇక తన మొహం చూడదేమో. అప్పుడే గద్ద మళ్లీ వచ్చింది. సరిగ్గా కంచె మీదే తిరుగుతోంది.

తురాయి ఒక్క పరుగున తల్లి దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, నేను ఆకాశం చూడలేదు. పురుగులు తింటున్నాను. నూక ముళ్లకంచెలో ఉంది. నీకు అబద్ధం చెప్పాను."

తల్లి కంచె వైపు తిరిగింది. రెక్కలు విప్పుకుని పరిగెత్తింది. ముళ్లు గుచ్చుకుంటున్నా కంచెలోకి దూరింది. నూకకు రెక్క చీరుకుపోయింది గానీ ఊపిరుంది. గద్ద దిగేలోగా దాన్ని రెక్క కిందికి లాక్కుంది. గద్ద ఉత్త కాళ్లతో ఎగిరిపోయింది.

తురాయి దూరంగానే నిలబడిపోయాడు. దగ్గరికి రావడానికి వాడికి మొహం చెల్లలేదు. తల్లి రెండో రెక్క ఎత్తి పట్టుకుంది. వాడు వచ్చి దూరేదాకా దించలేదు.

"అంత ఆకాశాన్నీ నీ ఒక్కడి మీద పెట్టాను, తప్పు నాది కూడా," అంది. "రేపటినుంచి నేనే చూసుకుంటాను. నువ్వు కడుపునిండా తాగు."

మర్నాడు గుంట దగ్గర తల్లి ఒక గుక్క తాగింది, తల ఎత్తి ఆకాశం చూసింది. మళ్లీ గుక్క, మళ్లీ ఆకాశం. తురాయి కూడా తాగాడు. ఒక్క గుక్కకే వాడి తల దానంతటదే పైకి లేచింది. చూడమని వాడికి ఎవరూ చెప్పలేదు. వాణ్ణి చూసి నూక కూడా తల ఎత్తింది.

అప్పటినుంచే కోడి గుక్కగుక్కకీ తల ఎత్తి పైకి చూస్తుంది. ఎంత దాహంగా ఉన్నా సరే, ముందు ఆకాశం, ఆ తర్వాతే రెండో గుక్క.