సువార్తమ్మ సైకిలుకు చక్రం

సైకిలు మెకానిక్ మద్దిలేటికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. నర్సు సువార్తమ్మ సోమవారం మళ్లీ డ్యూటీలో చేరుతోంది. ఆమె మడత సైకిలుకు ఎన్ని ఇంచీల చక్రం పెట్టాలో అతనికి తేలడం లేదు. పోయినసారి తేల్చినవాడూ అతనే.

సువార్తమ్మ నంద్యాలలో ప్యాసింజరు ఎక్కి, అడవిలో ఒక చిన్న స్టేషనులో దిగి, అక్కడి నుంచి ఆరు మైళ్లు రాళ్ల దారిలో చెంచు గూడేలకు వెళ్తుంది. రైల్లో పట్టాలి కాబట్టి మడత సైకిలు. వానల ముందు మద్దిలేటి దానికి పదహారు ఇంచీల చక్రాలు పెట్టాడు. మడిస్తే సూట్‌కేసంత అయ్యేది. చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ బుల్లి చక్రం రెండు రాళ్ల మధ్య దిగబడింది. సువార్తమ్మ కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు గూడేలకు నర్సు లేదు. ఆ మూడు నెలల్లోనే ఒక నిండు చూలాలిని డోలీ కట్టి స్టేషను దాకా మోసుకొచ్చారు. బిడ్డ దక్కలేదు.

మద్దిలేటిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అతని గురువు ఖాజా మస్తాన్ దర్గా పక్కన సైకిళ్లు బాగుచేసే ఫకీరు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే ఆయన శిష్యులు. మంత్రాలు, మాలలు ఏమీ ఉండవు. చేతికి పానా ఇస్తాడు, అంతే.

పాము కాటు తిన్నవాడికి తాడు కూడా పామే కదా. మద్దిలేటి చట్రం కోసి, పొడుగు చేసి, మళ్లీ అతికించి, దొరికినవాటిలో అన్నిటికన్నా పెద్దవి, ఇరవై నాలుగు ఇంచీల చక్రాలు బిగించాడు. శనివారం పొద్దున్నే తెచ్చి గురువు ముందు నిలబెట్టాడు.

"ఎంత రాయైనా ఎక్కి దిగుతుంది ఉస్తాద్. సరిపోయిందా?"

మస్తాన్ చక్రాన్ని ఒకసారి తిప్పి, అది ఆగేదాకా చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, మద్దిలేటి కుడి చేతిని అతని ఛాతీకి ఆనించి గట్టిగా కట్టేశాడు. మందుల పెట్టెంత బరువు తూగేలా ఒక సంచిలో ఇనుప ముక్కలు నింపి మెడకు తగిలించాడు.

"ప్యాసింజరు వచ్చే వేళయింది. రెండో ప్లాట్‌ఫారం. సైకిలు తీసుకొని బండెక్కు పో."

"నేనా? యాడికి?"

"ఎక్కు చాలు."

ఒంటి చేత్తో సైకిలు మడవడానికే మద్దిలేటికి చెమటలు పట్టాయి. మడిచినా అది గొర్రెపిల్లలా చంకలో ఇమిడే రకం కాదు. స్టేషనులో రెండో ప్లాట్‌ఫారానికి దాటే వంతెన మెట్లెక్కుతుంటే పెద్ద చక్రం మోకాలికి కొట్టుకుంటోంది. నాలుగు మెట్లకొకసారి దించుతున్నాడు. వెనక జనం ఆగిపోయారు.

"పక్కకు జరుగు సామీ, బండి వస్తాండాది" అని ఎవరో కసిరారు.

మద్దిలేటి పక్కకు జరిగాడు. అందరూ దాటిపోయారు. అతను వంతెన పైకి చేరేసరికి ప్యాసింజరు కింద నుంచి వెళ్లిపోతోంది. అతను సైకిలును కమ్మీకి ఆనించి మెట్టు మీద కూలబడ్డాడు.

మస్తాన్ మెల్లగా ఎక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. మద్దిలేటికి ఏడుపొచ్చింది.

"ఈ చక్రంతో ఆయమ్మ మళ్లీ పడకూడదనే కదా ఉస్తాద్."

"పడదు" అన్నాడు మస్తాన్. "బండెక్కితేనే కదా పడేది."

మస్తాన్ కమ్మీకి ఆనించిన సైకిలు చక్రాన్ని వేలితో తట్టాడు.

"మొదటిసారి నీ గొప్ప చూసుకొని చక్రం పెట్టినావు. ఈసారి నీ భయం చూసుకొని పెట్టినావు."

మద్దిలేటి తల వంచుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అయితే ఇరవై పెట్టేదా? దానికి లావు టైరు వేస్తే..."

"నాకేం తెలుసు నాయనా? ఆ చెయ్యి నాది కాదు" అని మస్తాన్ తువ్వాలు ముడి విప్పి, దులిపి, భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

మద్దిలేటి సైకిలును అంగట్లో పడేసి, తిన్నగా సువార్తమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె పడ్డాక అతను ఆ గడప దగ్గరికి రావడం ఇదే మొదటిసారి. సువార్తమ్మ తలుపు తీసింది. లోపలికి రమ్మని పక్కకు తప్పుకుంది.

"అమ్మా, మీ చెయ్యి ఎంత బరువు ఎత్తుతాదో ఒకసారి చూపిస్తారా?"

ఆమె కుడి చెయ్యి చాచి, పిడికిలి బిగించబోయింది. వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయాయి.

మద్దిలేటి జేబులోంచి కొలత టేపు తీయలేదు. నేల మీద కూర్చుని ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.