రెండు బందులు, ఒక కడ్డీ

అనగనగా ఒక అడవి. మామూలు అడవి కాదు, మధ్యలోంచి తారు రోడ్డు పడిన అడవి. రోడ్డు పడ్డాక జంతువులు ఊరుకుంటాయా? కార్లు తోలడం మొదలెట్టాయి.

అక్కడ చిటపట అని ఒక ముంగిసగాడు. వాడికి ఒక చోట నిలబడటమే రాదు. వాడు నిలబడ్డా వాడి తోక నిలబడదు. వాడి జోడీ బొద్దయ్య, ఎలుగుబంటి. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలు ఒక్కోటీ బిగించి, మూడేళ్లు కష్టపడి, ఇద్దరూ సొంతంగా ఒక కారు చేశారు. ఎర్రగా, పొట్టిగా, భలే ఉంది.

అన్నీ వచ్చాయి గానీ బానెట్‌కి బందులు రాలేదు. అదే, తలుపుకి ఉన్నట్టు ఇంజను మూతకి కూడా రెండు వైపులా ఉంటాయే, అవి. అవి లేకపోతే మూత లేవదు.

ఆ అడవిలో ఇంట్లో చేసిన బండికి తనిఖీ ఒక్కసారే. కొంగ సారు వస్తాడు, బానెట్ ఎత్తుతాడు, ఇంజను చూస్తాడు. బానెట్ లేవలేదా, బండి తుక్కుకే. ఆ తనిఖీ ఇవాళ సాయంత్రమే! తుక్కు కొట్టు నక్కక్క పొద్దున్నే వచ్చి కారు పక్కన కూర్చుంది.

"ఈ డోరు తేలిగ్గానే ఊడుద్దిలే," అంటోంది తనలో తను, అందరికీ వినపడేలా.

చిటపటకి ఒళ్లు మండింది. "మావా, ఎడమ బందు నాది, కుడి బందు నీది. ఎవరింట్లో వాళ్లు చేసుకుందాం. నీ పక్కన కూర్చుంటే ఆ నిదానానికి నాకు పిచ్చెక్కుద్ది."

"నీ తొందరకి నాకు తల తిరుగుద్ది. పోరా అల్లుడూ, పో."

పోయారు. చేశారు. చిటపట బందు అద్దంలా మెరిసింది. బొద్దయ్య బందు రాయిలా ఉంది. ఎవరిది వాళ్లు కారుకి వెల్డింగ్ పెట్టేసి, బానెట్ బిగించి ఎత్తారు.

జానెడు లేచింది. కిర్ర్ర్. ఆగిపోయింది.

"నీదే తేడా!"

"నాదా? నీదే!"

చిటపట ఆకురాయి తీసుకుని తన బందు రంధ్రాన్ని గరగరా అరగదీశాడు. మళ్లీ ఎత్తారు. రెండు జానలు లేచింది, అదీ వంకరగా. మూల పోయి ఎర్ర రంగుని బర్రున గీకేసింది.

"పక్కకి జరుగు," అని బొద్దయ్య ఒళ్లు విరుచుకున్నాడు. పట్టుకుని ఒక్క లాగు లాగాడు. టంగ్! రేకు సొట్టపడింది. బందులు మాత్రం కదల్లేదు.

పొద్దు వాలిపోతోంది. నక్కక్క లేచి, బండిని లాక్కెళ్లడానికి తెచ్చిన తాడు విప్పింది. "ముందు చక్రాలు పీకనా తమ్ముడూ, సీట్లు పీకనా?"

చిటపట కారు చుట్టూ గిర్రున తిరిగాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి టక్కున ఆగాడు. తోక కూడా ఆగింది.

"మావా, పొడుగు కడ్డీ ఒకటి ఇయ్యి."

బానెట్ విప్పి, కడ్డీని తన బందులోంచి దూర్చి తిన్నగా అటువైపుకి తోశాడు. అది బొద్దయ్య బందు దాకా వెళ్లింది, కానీ రంధ్రంలోకి పోలేదు. వేలెడు కిందకి పోయి గుద్దుకుంది.

ఇద్దరూ వంగి ఆ ఎడం చూశారు.

"నీదీ బాగుంది, నాదీ బాగుంది మావా," అన్నాడు చిటపట. "కానీ నాది ఒక దారి, నీది ఒక దారి."

"అయితే ఒకటి కోసెయ్యాలి," అని బొద్దయ్య మెల్లగా తన బందు మీద చెయ్యి కప్పాడు.

చిటపట తన బందు వైపు చూశాడు. పూటంతా రుద్దిన బందు. దాంట్లో వాడి మొహం కనపడుతోంది. రోడ్డు మీద కొంగ సారు కాళ్ల చప్పుడు కూడా వినపడుతోంది.

"నాదే కోసెయ్ మావా."

"అంత మెరిసేదాన్నా?"

"తుక్కులో పడి మెరిస్తే ఎవడికి కావాలి? కొయ్యి, తొందరగా!"

బొద్దయ్య చెయ్యి తీసేశాడు. "ఉండ్రా. నాదీ కోద్దాం. ఈసారి కడ్డీ చెప్పిన చోటే రెండూ పెడదాం."

కోశారు. రెండింట్లోంచీ ఒకే కడ్డీ దూర్చారు. బొద్దయ్య కదలకుండా పట్టుకున్నాడు, చిటపట వెల్డింగ్ పెట్టాడు. మసి పట్టింది, మెరుపు మొత్తం పోయింది. వేడి తగ్గేదాకా చూసి, కడ్డీ లాగేసి దాని చోట పిన్నులు వేశారు. సొట్ట తీసి బానెట్ బిగించారో లేదో, కొంగ సారు రానే వచ్చాడు.

బానెట్ కింద ముక్కు పెట్టి లేపాడు. సుయ్‌మని లేచింది! తల లోపల పెట్టి ఎంతసేపటికీ తియ్యడే. చిటపట తోక మళ్లీ ఊగడం మొదలెట్టింది.

"ఈ బందులు ఎవరు చేశార్రా?" లోపల్నించే అడిగాడు.

"ఇద్దరం సారూ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి." తల బయటికి తీశాడు. "పని మాత్రం సుబ్బరంగా చేస్తున్నాయి. పోండి, తోలుకోండి."

నక్కక్క తాడు చుట్టుకుని వెళ్లిపోయింది. ఎర్ర కారు తారు రోడ్డెక్కింది.

అందుకే పిల్లలూ, ఎవరి పని వాళ్లు ఎంత గొప్పగా చేసినా చాలదు. కలిసి మొయ్యాల్సిన చోట ఇద్దరూ ఒకే గీత మీదకి రావాలి, దానికోసం మన మెరుపుని మనమే కోసుకోవాల్సి వచ్చినా సరే.