నిచ్చెన వెనక కొస

తాను బిగించిన రాడ్డు విరగలేదు. ఓబులేసుకి అంత కోపం రావడానికి కారణం అదే. విరిగి ఉంటే తలొంచుకునేవాడు.

శ్రీశైలం కొండ రోడ్డు మొదలయ్యే ముందు, దోర్నాలలో కాలేషా ఉస్తాద్ షెడ్డు ఉంది. కొండెక్కే టాక్సీలు చాలావరకు అక్కడికే వస్తాయి. ఓబులేసు పదకొండేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఉస్తాద్ కంటి ఆపరేషన్ కోసం ఒంగోలు వెళ్లిన మూడు వారాలూ షెడ్డు అతనే నడిపాడు. రాడ్డు పుట్టింది ఆ మూడు వారాల్లోనే.

పని చిన్నదే. కారు బానెట్ ఎత్తితే ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, షాకబ్జార్ల తలలు కనిపిస్తాయి. ఆ రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనప రాడ్డు. ఇంజన్ కింద రెండు పట్టీలు. పాతబడిన కార్లు మలుపులో ముందు కాస్త ఒళ్లు వంచి, ఆ తరవాతే తిరుగుతాయి. రాడ్డు పడ్డాక ఆ వంగడం పోయింది. స్టీరింగ్ తిప్పీ తిప్పకముందే కారు మూతి తిరుగుతోంది. డ్రైవర్లు ముచ్చటపడ్డారు. మొదట గాలెయ్య అనే డ్రైవరు కారుకి వేశాడు. తరవాత ఇంకో మూడింటికి.

ఉస్తాద్ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, గాలెయ్య తన కారుని ట్రాక్టరుతో లాగించుకుని వచ్చాడు. వెనక ఎడమవైపు డొక్క లోపలికి పోయింది.

"నా బిడ్డ వెనక కూర్చోనుంది" అని గేటు దగ్గర్నుంచే అరిచాడు. "భుజం ఎముక విరిగింది. తొమ్మిదేళ్ల పిల్ల! ఏం బిగించినావురా దీనికి?"

ఓబులేసు విసురుగా వెళ్లి బానెట్ ఎత్తాడు. "చూడు. కళ్లు తెరిచి చూడు. రాడ్డు వంగిందా? అతుకు ఊడిందా?"

"రాడ్డు సంగతి ఎవడడిగినాడు? మలుపులో కారు వెనకభాగం ఎవరో తోసినట్టు పక్కకి పోయింది. గోడ లేకపోతే లోయలో ఉందుము."

"స్పీడుగా పోయుంటావు."

"పందొమ్మిదేళ్లుగా అదే మలుపు, అదే గేరు, అదే స్పీడు! తడి రోడ్డు నాకు కొత్తనా?"

"అయితే కునుకు పట్టుంటుంది."

గాలెయ్య నేల మీదున్న చక్రాల స్పానర్ అందుకున్నాడు. అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని ఉన్న కాలేషా లేచి వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. కంటికి ఇంకా నల్లద్దాలు ఉన్నాయి.

"ఆస్పత్రికి పో గాలెయ్యా. బిడ్డ దగ్గరుండు. ఇక్కడ నేనున్నా."

గాలెయ్య స్పానర్ కింద పడేశాడు. "నీ మొహం చూసి పోతున్నా ఉస్తాద్. వాడి మొహం చూస్తే ఈపాటికి వాడు పళ్లు ఏరుకునేవాడు" అని వెళ్లిపోయాడు.

ఓబులేసు కాలికందిన గ్రీజు డబ్బాని తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకి తగిలి ఆగింది.

"నడపడం చేతగాక నా మీద పడుతున్నాడు. సాయంత్రానికి ఊరంతా చెప్తాడు. నువ్వు చెప్పు ఉస్తాద్. నువ్వు చెబితే వింటారు. నా పనిలో తప్పెక్కడుంది?"

కాలేషా నల్లద్దాలు తీసి, బానెట్ లోపలికి వంగి, అతుకుల మీద బొటనవేలు మెల్లగా నడిపాడు. చివరిదాకా నడిపాడు.

"నా చేతికన్నా నీ చెయ్యి శుభ్రంగా ఉంది" అన్నాడు.

"మరి ఆ మాట వాడితో అనవేం?"

"ఏ భుజం?"

"ఏంది?"

"ఆ పిల్లకి. ఏ భుజం విరిగింది?"

ఓబులేసు విసుక్కున్నాడు. "నాకేం తెలుసు? నేను రాడ్డు గురించి అడుగుతుంటే…"

"ఇట్టాంటివి ఇంకా ఎన్ని తిరుగుతున్నాయి?"

"మూడు. ఒక్కడూ కంప్లైంట్ చెప్పలేదు."

"ఇప్పుడెక్కడున్నాయి?"

"కొండ మీద ఉంటాయి, కొండ కింద ఉంటాయి. ఎందుకు? పిలిపించి తీసెయ్యమంటావా?" ఓబులేసు గొంతు పెరిగింది. "తీస్తే నా తప్పని ఒప్పుకున్నట్టేగా! తియ్యను. నువ్వు చెప్పినా తియ్యను."

కాలేషా గోడకి ఆనించి ఉన్న పొడుగాటి వెదురు నిచ్చెన వైపు నడిచాడు.

"ఇది పెరట్లో పెట్టాలి. వెనక కొస పట్టు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

పళ్లు కొరుక్కుంటూ ఓబులేసు వెనక కొస ఎత్తాడు. కాలేషా ముందు కొసని చేతుల్లో పట్టుకుని నడిచాడు. షెడ్డు మూల తిరిగితే పెరడు. ఆ మూలలోనే ఏళ్ల తరబడి కార్లలోంచి తీసిన పాత ఆయిలు పారబోస్తారు. నేల నల్లగా, మెత్తగా ఉంటుంది. మూల దగ్గర ముసలాయన నెమ్మదించాడు. నిచ్చెన ఆయన చేతుల్లో కొంచెం అటూ ఇటూ ఆడింది. ఆయన కొద్దికొద్దిగా తిరిగాడు. ఓబులేసు అరిగిపోయిన రబ్బరు చెప్పులతో అడుగులు చూసుకుంటూ వెనకే తిరిగాడు.

పెరట్లో దించబోతుంటే కాలేషా అన్నాడు. "ఇక్కడ వద్దు. మళ్లీ గోడ దగ్గరికే."

"ఏంది ఉస్తాద్ ఇది!"

"పట్టు."

తిరిగి వెళ్లారు. అక్కడికి చేరగానే, "మళ్లీ పెరట్లోకే" అన్నాడు కాలేషా. ఓబులేసు ముక్కుపుటాలు అదిరాయి. ఈసారి ముసలాయన నిచ్చెన మొదటి రెండు మెట్ల మధ్య తల దూర్చాడు. నిచ్చెన రెండు పక్కలూ ఆయన రెండు భుజాల మీద దిగాయి. రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఇప్పుడు ఆయనా నిచ్చెనా ఒకటే.

నడక ముందటి లాగే ఉంది. వేగం కూడా అంతే. మూల రాగానే ఆయన ఒక్కసారిగా పక్కకి తిరిగాడు.

వెనక కొస విసురుగా బయటికి పోయింది. దానితోపాటు ఓబులేసు పోయాడు. చెప్పులు ఆయిలు మీద జారాయి. నడుము వెళ్లి ఇనప డ్రమ్ముకి కొట్టుకుంది. మోచేయి చీరుకుపోయింది.

"నీకేమన్నా పిచ్చా ఉస్తాద్!"

పదకొండేళ్లలో ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు.

కాలేషా నిచ్చెన మెడలో ఉండగానే అన్నాడు. "నేను జారలేదే. చూడు. కళ్లు తెరిచి చూడు. నిచ్చెన విరిగిందా?"

"వెనక మనిషి ఉన్నాడని చూసుకోవద్దా?" అని అరిచాడు ఓబులేసు.

అని, ఆగిపోయాడు.

మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. తుడుచుకోలేదు. గాలెయ్య కారు దగ్గరికి నడిచి, వెనకవైపు జాకీ పెట్టి లేపి, కిందికి దూరాడు. దెబ్బ తగలని కుడివైపు, చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చెయ్యిని అందుకుని ఊపాడు. దాని చివర రబ్బరు పొడి పొడిగా రాలి అతని మొహం మీద పడింది. చక్రం వదులైన పన్నులా కదిలింది. ముందువైపు మూడు వారాలు కష్టపడిన మనిషి, ఇటు ఒక్కసారి కూడా దూరలేదు.

తరవాత బయటికొచ్చి ఫోను తీశాడు.

మొదటి కారు ఊళ్లోనే స్టాండులో ఉంది. రెండోది బేరం లేక డ్రైవరు ఇంటి ముందు ఉంది. మూడోవాడు కాశయ్య, కొండ పైన శిఖరం దగ్గర ఆగి ఉన్నాడు. ఫోనులో టీ గ్లాసుల చప్పుడు వినిపించింది.

"ఓబులేసన్నా! నూరేళ్లన్నా నీకు. ఇప్పుడే చెప్తున్నా వీళ్లకి, నా కారు ఇట్లా ఎప్పుడూ తిరగలేదని. నీ చేతికి దండం పెట్టాలన్నా."

"కాశయ్యా, కొండ దిగొద్దు."

"ఏందన్నా?"

"నేనొచ్చేదాకా దిగొద్దు. కారు కదిలిస్తే కాళ్లిరగ్గొడతా. వెనక సీట్లో ఎవరున్నారు?"

"ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు. మార్కాపురంలో రైలుందంట వాళ్లకి. అందులో కూర్చునే ఉన్నారు. రైలు తప్పితే నన్ను బతకనియ్యరన్నా. ఎవడి మీదో కోపం నా మీద చూపిస్తే ఎట్లా? పోయిన వారం నువ్వేగా బిగించింది! నీ పనికి నువ్వే…"

కాలేషా పానాల సంచీ తెచ్చి మోటారు సైకిలు వెనక కట్టసాగాడు. ఓబులేసు ఒక చేత్తో ఫోను పట్టుకునే బండి ఎక్కాడు.

"ముందు వాళ్లని దించరా" అన్నాడు. "తరవాత నన్ను ఎంతైనా తిట్టు."