పీరమ్మవ్వ ఎర్ర దుప్పటి

నాగూర్ మీరాకు ధ్యానం కుదరడం లేదు. కళ్ళు మూసుకుంటాడు, మనసు ఒక చోట నిలిచీ నిలవకముందే ఎవరో ఒకరు పిలుస్తారు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు కావాలి. పొయ్యిలోకి పుల్లలు కావాలి. చూపు ఆనని ముసలాయన్ని చెయ్యి పట్టుకుని గడప దాటించాలి.

కర్నూలు సీమలో ఒక చిన్న పల్లెలో పీరమ్మవ్వ ఇల్లు అది. అవ్వ నేతగత్తె. మగ్గం మీద కూర్చునే దేవుణ్ణి తలుచుకునేది, వచ్చి పక్కన కూర్చున్నవాళ్ళకూ అదే నేర్పేది. పాతికేళ్ళ మీరా ఆమె దగ్గర నేతా, భక్తీ రెండూ నేర్చుకుంటున్నాడు.

ఒకరోజు తెగించి అడిగాడు. "అవ్వా, నేను కొండ మీది గుహలోకి పోతా. ఒక్కణ్ణే ఉంటా. ఇంక కిందికి రాను. ఈ జనంలో నాకు దేవుడు అందడం లేదు."

అవ్వ నవ్వింది. "పోదువులే. చలికాలం వస్తోంది కదా, నాకొక దుప్పటి నేసిపెట్టి పో. నీకు ఎట్లా నచ్చితే అట్లా నెయ్యి."

మీరా హుషారుగా మగ్గం ఎక్కాడు. నిలువునా నల్లనూలు పడుగు, అడ్డంగా ఎర్రపట్టు పేక. మామూలు నేతలో పేక ఒక పడుగు పోగు మీదుగా పోయి, పక్కదాని కిందికి దూరుతుంది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. అలా జానెడు నేసి చూస్తే ఎరుపు నలుపులో కలిసి మసకబారింది. మీరాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత మంచి పట్టు అడుగడుగునా కిందికి పోయి దాక్కోవడమెందుకు? నేసిందంతా విప్పేసి, మగ్గం కట్టు మార్చాడు. ఎర్రపోగు మూడు వేళ్ళ మేర పైపైనే సాగి, ఎక్కడో ఒకచోట మాత్రమే కిందికి మునిగేలా నేశాడు.

దుప్పటి నిప్పుకణికలా మెరిసింది.

"అబ్బ, ఎంత బాగుందిరా!" అవ్వ పసిపిల్లలా మురిసిపోయి అప్పటికప్పుడే కప్పుకుంది. కప్పుకునే పనుల్లో పడింది. తలుపు గడియకు తగిలి ఒక పోగు లేచింది. మేకపిల్లను ఎత్తుకుంటే దాని గిట్టకు ఇంకొకటి చిక్కింది. పక్కింటి పసిదాన్ని ముద్దాడబోతే, అది గుప్పెడు పోగులు పట్టి లాగేసింది. మధ్యాహ్నానికి దుప్పటి నిండా ఎర్రటి ఉచ్చులు వేలాడుతున్నాయి.

మీరా చూడలేకపోయాడు. "అవ్వా, నీ కాళ్ళు పట్టుకుంటా. తీసి పెట్టెలో దాచు."

"చలి పెట్టెకా? నాకు కదరా!"

అవ్వ సూదీ నల్లదారం అతని చేతిలో పెట్టి, దుప్పటి తియ్యకుండానే అటు తిరిగి కూర్చుంది.

మీరా వెనక చేరి, లేచిన ఒక్కొక్క పోగునూ సర్ది, అడుగునున్న నల్లపోగుకు కలిపి కుట్టాడు. కుట్టు పడ్డ చోటల్లా ఎరుపు చుక్కంత మునిగి మళ్ళీ తేలుతోంది. సూది గుచ్చుకుంటుందేమోనని ఎడమచెయ్యి లోపల అడ్డం పెట్టాడు. ఎముకలు చేతికి తగిలాయి. అవ్వ ఇంత చిక్కిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది.

"మెరుపు తగ్గిందవ్వా," అన్నాడు చివరికి.

అవ్వ అంచు పట్టి గట్టిగా లాగి చూసింది. ఒక్క పోగూ కదలలేదు. దగ్గరగా కప్పుకుని, అలాగే కునుకు తీసింది.

మరునాడు మీరా కొండ మాట ఎత్తలేదు. అవ్వే గుర్తు చేసింది.

"నేను పోనవ్వా," అన్నాడు.

"ఎందుకు పోవు? నేను వద్దన్నానా?" అవ్వ అతని తల నిమిరింది. "పొద్దున్నే పైకి పో. ఆకలేసేసరికి కిందికి రా. మరునాడు మళ్ళీ పో."