ఆకుతోటలో మొదటి వేరు

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులు ప్రశ్న వేస్తే పుస్తకం తెరవరు, చెప్పులు తొడుక్కుంటారు. వాదనంటే చెవి కోసుకునే మాబోటి వాళ్లకు ఒళ్లు మండేది. ఎదుటి మనిషి లేచి వీధిలోకి వెళ్లిపోతే ఎవరితో పోట్లాడతాం?

ఆ ఉదయం మా తోటి శిష్యురాలు సువార్త పోట్లాటకే వచ్చింది. వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పదిహేనేళ్లలో ఏడు క్వార్టర్లు మారారు. ఇప్పుడు ఆమె కవితల పుస్తకం అచ్చులో ఉంది, అన్నీ ఇంటి మీదవే. మొన్న సభలో ఒక పెద్దాయన "ఇంతకీ మీదే ఊరమ్మా?" అన్నాడట. ఈమె తడుముకుంటే సభంతా నవ్విందట.

"భావకవులకు ఏరుంది, తోటుంది, పేరున్న ఊరుంది. వాళ్లు బెంగపడితే అందం. ఊరే లేని నేను రాస్తే అరువు బెంగ కాదూ? ఇవాళే ప్రెస్సుకెళ్లి పుస్తకం వెనక్కి తెచ్చేస్తాను మాస్టారూ."

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. "పద. దారిలో నాంచారయ్య ఆకుతోట చూసి వెళుదువుగాని." నేనూ వెంటపడ్డాను.

ఆకుతోటలోకి చెప్పులతో వెళ్లరు. గట్టున విడిచి దిగాం. అవిసె చెట్లకు పాకిన తమలపాకు తీగల్ని నాంచారయ్య కిందికి దించుతున్నాడు. అది ఏటా చేసే పనే. ఆకు కోసేసిన తీగను చుట్టచుట్టి చెట్టు మొదట్లో పూడుస్తాడు, కొస మాత్రం మళ్లీ చెట్టుకు కడతాడు.

సువార్త ఉండబట్టలేక కూర్చుని మట్టి కెలికింది. "దీని అసలు వేరేదండీ? మొట్టమొదట నాటింది?"

"దాన్నా ఎతుకుతున్నావు తల్లీ! అదెప్పుడో కుళ్లి మట్టైపోయింది."

"మరి ఇది దేనిమీద బతుకుతోంది?"

ఆయన నిరుటి చుట్టను పైకి లాగి ఒక కణుపు చూపించాడు. దాని చుట్టూ దారప్పోగుల్లా తెల్లటి వేళ్లు. "ఇది అంతకుముందు అదిగో, ఆ కొమ్మల్లో గాలికి ఊగేది. దించి పూడ్చాక వేరేసింది. పంతులుగారూ, చదువుకున్న పిల్లేనా?"

నేను నవ్వాను. సువార్త నవ్వలేదు. కొమ్మల్నీ కణుపునూ మార్చి మార్చి చూసింది.

"మాస్టారూ, ఏ క్వార్టర్ కొళాయి నీళ్లు ఏ రుచో నాకింకా గుర్తే. అది చాలుతుందా? పుస్తకం ఉంచెయ్యమంటారా?"

"ఆ కణుపు ఎండకు వాడిపోతోందమ్మాయ్," అన్నారు మాస్టారు. "ముందు మట్టి కప్పు."