చర్మానికి ఆగడం నేర్పిన సోమాలు

ఒకప్పుడు గాయాలకు ఆగడం తెలియదర్రా! మన ఒళ్ళంతా కంటికి ఆనని కణాలతో కట్టిందే కదా. చర్మం తెగితే అవి ఒకటి రెండై, రెండు నాలుగై ఆ సందు పూడ్చేవి. పూడ్చాక కూడా పెరుగుతూనే ఉండేవి. అందుకే అప్పటి జనం ముల్లు గీసుకున్నా వణికిపోయేవారు.

సోమాలు ఈత చాపలు అల్లేది. ఒక మధ్యాహ్నం ఆమె ఆకులు చీలుస్తుంటే, పక్కనే ఆడుకుంటున్న కూతురు మల్లికి ఈత ముల్లు గీసుకుని అరచెయ్యి చీరుకుపోయింది.

రక్తం చూసి సోమాలుకు మతి పోయింది. గాయాన్ని తొందరపెట్టకూడదన్న పెద్దల మాటే మరిచిపోయింది. "పెరగండి తల్లుల్లారా, తొందరగా పెరగండి!" అని కణాలను బతిమాలింది.

పెరిగాయి. గాయం పూడింది. వేళ్ళ సందులూ పూడాయి. మల్లి చెయ్యి నున్నటి ముద్దయింది. చర్మం మోచెయ్యి దాటింది, మెడ ఎక్కింది. చెవి ఆనిస్తే లోపల సన్నటి గుసగుస: "ఇంకా... ఇంకా..."

"అమ్మా, నా నోరు..." అంటుండగానే మల్లి పెదాలు అతుక్కుపోయాయి. ఇక మిగిలింది ముక్కు. అదీ మూసుకుపోతే పిల్ల దక్కదు.

"ఆగండి! నా పిల్లని చంపేస్తారా?" అని అరిచింది సోమాలు.

"మాకు కళ్ళు లేవమ్మా," అన్నాయి కణాలు ఎంతో మర్యాదగా. "గాయం పూడిందో లేదో ఎలా తెలుస్తుంది? పెరగమన్నావు, పెరుగుతున్నాం."

ఆ మర్యాదకే సోమాలు ఒళ్ళు జలదరించింది.

"కళ్ళెందుకర్రా? మా అత్తకి చూపు లేదు. అయినా నేనూ ఆవిడా చెరో కొస నుంచీ చాప అల్లుకుంటూ వస్తాం. నా వేలు తగిలిందా, ఆపేస్తుంది. మీరూ పక్కదాన్ని తాకగానే ఆగిపోండి!"

ఒక కణం పక్కదాన్ని తడిమింది. "తగిలిందా?"

"తగిలింది."

ఆ మాట చేతి నుంచి మెడకి, మెడ నుంచి ముక్కు అంచుకి పాకింది. చర్మం ఆగింది. కానీ పెదాలు మాత్రం తెరుచుకోలేదు.

"మరి ఎక్కువొచ్చిన మీరు వెనక్కి పొండి," అంది సోమాలు.

"వెనక్కి పోవడం మాకు రాదమ్మా. రాలిపోవడం వచ్చు," అందో ముసలి కణం.

ఎక్కువొచ్చిన కణాలన్నీ ముడుచుకుని, తెల్లటి పొట్టులా చాప మీద రాలాయి. ఒక్కటీ ఏడవలేదు. సోమాలే ఏడ్చింది.

మల్లి వేళ్ళు విడివడ్డాయి. నోరు తెరిచి "అమ్మా" అంది.

అప్పటినుంచే గాయం అంచులు రెండూ కలవగానే చర్మం పెరగడం మానేస్తుంది, పైన పొట్టు రాలిపోతుంది. మానుతున్న గాయం దురద పెడుతోందా? గోక్కోకండి. లోపల కణాలు ఒకదాన్నొకటి తడుముకుంటూ "తగిలిందా?" అని అడుగుతున్నాయి. జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చోండి.