జానెడు ఎత్తు కోత

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి చెప్పులు తొడుక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. సగం విన్నాక "అబ్బే, ఇదంతా కల్పన" అన్నవాడితో మాత్రం పేచీయే. ఎందుకంటే ఇది తాడాల వీరరాఘవయ్యగారి సంగతి. మామిడి అంటు కట్టడంలో ఆయనకు సాటి గోదావరి రెండు గట్ల మీదా పుట్టలేదు, ఇకముందు పుట్టేది కూడా అనుమానమే. ఆయన కత్తి ఎంత పదునంటే, తెగిన కొమ్మకు తను తెగిన సంగతి మూడో రోజుకు గానీ తెలిసేది కాదు. ఆలోగా దాన్ని ఇంకో చెట్టుకు కట్టేసి, అక్కడే పుట్టాననుకునేలా చేసేవారు. ఒకసారి చేతికర్ర నేలలో గుచ్చి మంచినీళ్లకని లోపలికి వెళ్లి వచ్చేసరికి దానికి పూత వచ్చేసింది. పిందెలు కూడా దిగాయని కొందరంటారు గానీ, అది అతిశయోక్తి. పూత వరకే నిజం.

అంతటి మనిషికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవారు కాదు, చెప్పుల కోసం వెతుక్కునేవారు. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి స్వయంగా వెళ్లడం ఆయన పద్ధతి. తొంభై మూడో ఏట కూడా ఆ పద్ధతి మానలేదు.

ఒక శ్రావణమాసంలో, ఉదయం పూట, ఆయన శిష్యుడు మట్టపర్తి సూరన్న గోదావరి పాయ దాటి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మనిషి రెండు రోజుల్లో పదేళ్లు పెద్దవాడైపోయాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"గురువుగారండీ, కన్నబిడ్డ మీద నేరం పడినప్పుడు తండ్రనేవాడు నమ్మాలా, అనుమానించాలా?"

గురువుగారు చెప్పుల కోసం చూశారు. సూరన్న ఆయన చెప్పుల్ని తానే తెచ్చి పాదాల దగ్గర పెట్టి, జరిగింది చెప్పుకొచ్చాడు.

సూరన్నది మొగలిలంక. లంకలో అందరివీ మొక్కల మళ్లే. సూరన్న కూతురు సత్యవేణికి ఇరవై ఏళ్లు. ఆ పిల్ల చేతికి కత్తి ఇస్తే తండ్రిని మించిపోతుంది. సూరన్న మళ్లను ఆనుకుని ఉన్నవి పాలింగి గంగరాజు మళ్లు. వారం కిందట అవతలి మెరక ఊళ్ల నుంచి మొక్కలు కొనేవాళ్లు వస్తే, గంగరాజు వాళ్లందరి ముందూ నవ్వుతూ, "ఆడపిల్ల కట్టిన అంటు పొయ్యిలో కట్టెకి పనికొస్తుందండి" అన్నాడు. సత్యవేణి ఊరుకునే రకం కాదు. "చూద్దాం బాబాయ్! శ్రావణం దాటేలోగా నీ మడిలో ఒక్క అంటైనా నిలబడుతుందేమో!" అంది. అక్కడున్న వాళ్లంతా విన్నారు.

తర్వాత నాలుగో రోజు లంకలో నడవగలిగిన వాళ్లంతా అవతలి గట్టున పెళ్లికి వెళ్లారు. మొక్కలకు నీళ్లు పెట్టాలని సత్యవేణి ఆగిపోయింది. సాయంత్రం అందరూ తిరిగొచ్చేసరికి గంగరాజు మడిలో రెండు వరుసలు, అమ్మకానికి సిద్ధంగా ఉన్న ఎనభై నాలుగు అంటుమొక్కలు, అంటు కట్టిన చోటికి కింద తెగిపోయి ఉన్నాయి. తలలన్నీ పక్కనే కుప్పగా పడి ఉన్నాయి.

అందరితో పాటు సూరన్నా పరిగెత్తాడు. మొదటి మొక్క దగ్గర వంగి చూశాడు. కోత ఏటవాలుగా, నున్నగా, ఒక్క ఊపులో దిగింది. ముప్పై ఏళ్లుగా ప్రతి సంతలోనూ, ప్రతి పెళ్లిలోనూ, విన్నవాడికీ విననివాడికీ సూరన్నే చెప్పుకున్నాడు: "ఈ వాలు మా ఇంటి సంతకం! దొంగ సంతకం పెడదామన్నా ఇంకొకడి చెయ్యి తిరగదు." ఇప్పుడు ఆ సంతకం ఎనభై నాలుగు చోట్ల ఉంది.

మర్నాడు సాయంత్రం పెద్దలు అయిదుగురు గంగరాజు మడి దగ్గరే కూర్చుని సత్యవేణిని పిలిపించారు. అప్పటికి ఆ మోళ్లన్నిటికీ ఎవరో పేడా మన్నూ కలిపి పూత పూసేశారు. "కోత కనపడకుండా పూత పూసినంత మాత్రాన అయిపోదండి, నిన్న అందరం చూశాం" అన్నాడు గంగరాజు. "అది ఎవరి చేతి వాలో నేను చెప్పక్కర్లేదు. సూరన్న నోటితోనే విన్నారు ముప్పై ఏళ్లు."

"నువ్వు చేశావా అమ్మా?" అని పెద్దలు అడిగారు. సత్యవేణి ఆ మోళ్ల వంక చూసింది. తండ్రి వంక చూసింది. తలదించుకుంది. నోరు విప్పితే ఎంతటివాడినైనా నిలబెట్టి కడిగేసే పిల్ల, కాదని ఒక్క మాట అనలేదు. పెద్దలు రెండు రోజులు గడువిచ్చారు. ఒప్పుకుంటే ఇక జన్మలో అంటుకత్తి పట్టకూడదు. ఒప్పుకోకపోతే పోలీస్ స్టేషను.

"గడువు ఇవాళ్టితో సరండి" అన్నాడు సూరన్న. "కాదని అనలేదండి గురువుగారూ. అంటే నేనేమనుకోవాలి?"

చెప్పుకొచ్చాడన్న మాటే గానీ, ఒక్కటి దాచాడు. గురువుగారు అడగలేదు. కండువా భుజాన వేసుకుని పడవలోకి ఎక్కారు. ఆయన పాదం పెట్టగానే ఎదురుగాలి వెనక్కి తిరిగిందని లంకలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గంగరాజు మడి దగ్గర పెద్దలు అప్పటికే చేరారు. సత్యవేణి ఒక పక్కగా నిలబడి ఉంది. పాక నీడన నులకమంచం మీద గంగరాజు తండ్రి వెంకటస్వామి కూర్చుని గట్టు వైపు చూస్తున్నాడు. ఆయనకు మతి తప్పి రెండేళ్లు దాటింది. కొడుకుని చూసి "ఎవరబ్బాయివి నువ్వు?" అని అడుగుతాడు. పెళ్లి రోజున కూడా ఆయన్ని ఆ మంచం మీదే కూర్చోబెట్టి వెళ్లారు.

గంగరాజు కుర్చీ తెచ్చి తుడిచి వేశాడు. గురువుగారు కూర్చోలేదు. మొదటి మోడు దగ్గర మోకాళ్ల మీద కూలబడి, చిటికెన వేలు మట్టికి ఆనించి, బొటనవేలు పైకి చాపారు. సరిగ్గా జానెడు. రెండో మోడు, జానెడు. మూడోది, జానెడు. అలా ఎనభై నాలుగూ కొలిచారు, ఒక్కదాన్నీ వదలకుండా, ఆ వయసులో, మోకాళ్ల మీదే పాక్కుంటూ. చూస్తూ నిలబడ్డ పెద్దలకు నడుములు పట్టేశాయి గానీ ఆయనకు చెమట కూడా పట్టలేదు.

లేచి చేతులు దులుపుకుని అడిగారు. "ఈ పూత ఎవరిది?"

"నాదేనండి" అంది సత్యవేణి, తల ఎత్తకుండానే.

సూరన్న గిరుక్కున కూతురి వైపు తిరిగాడు. ఎందుకంటే ఆ పూత పూసింది సూరన్నే. గురువుగారి దగ్గర దాచిందీ అదే. మొన్న మధ్యాహ్నం, లంక అంతా భోజనాల దగ్గరుండగా, పేడా మన్నూ బొక్కెనలో కలుపుకొచ్చి, కూతురి సంతకం ఎవరికీ కనపడకుండా ఒక్కో మోడుకీ పూసి, చివర తన అలవాటు చొప్పున బొటనవేలితో ఒక నొక్కు నొక్కి వెళ్లాడు. చెయ్యని పనిని ఈ పిల్ల తన మీద ఎందుకు వేసుకుంటోంది?

"కాదండి" అన్నాడు. "నేనే పూశాను."

"నాన్నా, నువ్వు ఊరుకో!"

"ఎందుకూరుకోవాలే? నువ్వు నరికింది దాద్దామని నేను పూశాను."

సత్యవేణి తల ఎత్తింది. కళ్లు ఇంతింత చేసుకుని తండ్రినే చూసింది. "నేను నరకడమేంటి? నరికింది నువ్వు కాదా? ఆ నొక్కు చూడగానే నీ వేలని పోల్చుకున్నాను. ఆయన నన్ను అన్నందుకు నువ్వే నరికేసి, మళ్లీ మనసొప్పక పూత పూశావనుకున్నాను. నేను కాదంటే, మరి ఎవరని అడుగుతారు కదా అని..."

రెండు రోజులుగా తను నేరమనుకున్న కూతురి మౌనం తనను కాయడానికని సూరన్నకు ఇప్పుడే తెలిసింది.

గంగరాజు చప్పట్లు కొట్టాడు. "బాగుందండీ, బాగుంది! తండ్రీ కూతుళ్లు కలిసి మంచి నాటకం కట్టారు. మరి ఆ వాలు ఎక్కడి నుంచి వచ్చిందో! వాళ్లింటి సంతకం గాలికి కొట్టుకొచ్చిందంటారా?"

"ఆ వాలు వాళ్లింటిది కాదు గంగరాజూ, నాది" అన్నారు గురువుగారు. "సూరన్నకు నేర్పాను. సూరన్నకంటే ముందు ఇంకొకడికి నేర్పాను. అదలా ఉంచు. కోపంతో నరికేవాడు ఎనభై నాలుగుసార్లు జాన పెట్టి కొలుచుకుంటాడా?"

గురువుగారు పాక వైపు తిరిగారు. ఆయన గొంతు యాభై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది. ఆ కేకకు పాయ అవతల కట్టేసిన గేదెలు లేచి నిలబడ్డాయి.

"ఒరేయ్ వెంకటసామీ! పని ఎంతవరకు వచ్చింది?"

రెండేళ్లుగా ఎవరి పిలుపుకీ పలకని ముసలాయన మంచం మీంచి దిగ్గున లేచాడు. పంచె సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రెండు వరుసలు తలలు తీసేశానండి గురువుగారూ. తమరు మంచి చెట్టు పుల్లలు పంపిస్తే అంటు కట్టేస్తాను. ఇంకో మూడు వరుసలున్నాయండి. మా గంగడు ఒట్టి మొద్దు, చేతిసాయానికి రమ్మంటే రాడు."

నడుము దగ్గర ముడి విప్పి, అరచెయ్యంత అంటుకత్తి తీసి, పదును చూడమన్నట్టు గురువుగారి ముందుకు చాపాడు. శ్రావణం వస్తే టెంక నుంచి మొలిచిన మొక్కల తలలు జానెడు ఎత్తున కోసి అంటు కట్టాలన్న సంగతి ఆ చేతులు మరిచిపోలేదు. కట్టిన అంటుకీ కట్టని టెంక మొక్కకీ తేడా తెలియలేదు, అంతే. గురువుగారు కత్తిని బొటనవేలి మీద ఆనించి చూసి, "బాగుంది" అని తిరిగి ఇచ్చారు.

గంగరాజు ఉన్నచోటే బురదలో కూర్చుండిపోయాడు. "మా నాన్నకి ఏమీ తెలియదండి" అన్నాడు పెద్దల వంక చూసి. తర్వాత సత్యవేణి వంక చూసి, "ఆయన్ని ఏమీ అనకమ్మా. స్టేషనూ గీషనూ అనకండి. ఆయనకి నేనెవరో కూడా తెలియదు" అన్నాడు.

"తెలియకపోవడమేంటి బాబాయ్! మొద్దువని పోల్చుకున్నాడుగా" అంది సత్యవేణి. పెద్దల్లో ఒకాయన నవ్వాపుకోలేక గట్టు వైపు తిరిగాడు. ఆ పిల్ల అప్పటికే ముసలాయన దగ్గరికి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "తాతా, పుల్లలు నేను తెస్తాను. ఇద్దరం కడదాం. పొయ్యిలో పెట్టుకోవాలంటే గంగరాజు బాబాయి పెట్టుకుంటాడు."

అన్నట్టే కట్టారు. సూరన్న పూసిన పూతకి మోళ్లలో పచ్చి ఆరలేదు. నెల తిరిగేసరికి చిగుళ్లు వేశాయి. కట్టినవి ఎనభై నాలుగైతే పట్టినవి ఎనభై అయిదు. ఆ ఎనభై అయిదోది ఎలా వచ్చిందో గంగరాజు మూడుసార్లు లెక్కపెట్టుకున్నా తేలలేదు.

కానీ అది నెల తర్వాతి మాట. ఆ రోజు మాత్రం సూరన్న గురువుగారిని రేవు దాకా సాగనంపాడు. ఆయన నీళ్లలో కాళ్లు కడుక్కుని పడవ అంచు పట్టుకున్నాక, ఉండబట్టలేక అడిగాడు.

"గురువుగారండీ, మరి నేనడిగింది చెప్పనేలేదు. నమ్మాలా, అనుమానించాలా?"

గురువుగారు పడవలో కూర్చుని, తడి కాళ్లు కండువాతో తుడుచుకుంటూ, ఆ వైపు చూడకుండానే అన్నారు.

"రెండు రోజులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు ఒక్క మాట అడక్కుండా అన్నం తిన్నారు కదరా ఇద్దరూ!"

పడవ కదిలింది. సూరన్న పడవ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత ఇంటికి పరుగు తీశాడట. ఇందులో ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ ఉందనుకునేవాళ్లు మొగలిలంక రేవుకి వెళ్లి, గురువుగారు ఆ మాట అన్నప్పుడు పడవలో గడ పట్టుకుని నిలబడ్డ మనిషినే అడగండి. పేరు పినిపే ఏసోబు.